తుపాను నష్టం లెక్కలో మనసుకూ చోటుండాలి

సంపాదకులకు నమస్కారం.

తుపాను తీరం దాటిన తర్వాత సిబ్బంది ఊళ్లోకి వచ్చి ఎన్ని ఎకరాల వరి నేలవాలింది, ఎన్ని ఇళ్లు కూలాయి, ఎన్ని పశువులు పోయాయి అని రాసుకుని వెళ్తారు. ఆ లెక్క అవసరమే, అందులోనూ వంకలు లేకపోలేదు గానీ అది వేరే ఉత్తరానికి సరిపడే సంగతి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసి బతికి బయటపడ్డ దివిసీమ వాసులకు మాత్రం ఏ ఫారంలోనూ గడి లేని నష్టం ఒకటి, మనసుకు తగిలిన దెబ్బ, నేటికీ మిగిలే ఉంది.

మా వీధిలో డెబ్బైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ ఉన్నారు. ఆ రాత్రి తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని ఆవిడ నిలిచారు, ఆవిడ చెయ్యి పట్టుకున్న తమ్ముడు నిలవలేదు. మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వినగానే పాసు పుస్తకం, రేషను కార్డు, మనవడి సర్టిఫికెట్లు పాలిథిన్ సంచిలో చుట్టి దూలానికి కడతారు. ఇంతవరకూ ముందుజాగ్రత్తే, అందరూ నేర్చుకోదగ్గదే. అయితే 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, ఎండ కాసిన తర్వాత కూడా ఆవిడ ఆ మూట విప్పనివ్వలేదు, మనవణ్ని బడికి పంపనివ్వలేదు, రాత్రిళ్లు గుమ్మంలోనే కూర్చున్నారు. మామూలు రోజుల్లో సైతం కొడుకు ఫోను ఎత్తడం కాస్త ఆలస్యమైతే ఇంట్లో పెద్ద రాద్ధాంతమే. ఇప్పుడు ఉప్పెన అంటే ఏమిటో చూడని ఆ మనవడు కూడా గాలి హోరెత్తితే చెవులు మూసుకుంటున్నాడు. చుట్టుపక్కలవాళ్లు దీన్ని చాదస్తం అంటారు, ఇంట్లోవాళ్లు పాత సంగతులు తవ్వుకోవద్దంటారు.

తవ్వుకోకపోయినా అవి పైకి వస్తూనే ఉంటాయన్నదే ఇక్కడ అసలు సమస్య. ప్రాణభయం కలిగిన తర్వాత నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం మొదటి కొద్ది వారాల్లో ఎవరికైనా సహజమే, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి కూడా. నెల దాటినా తగ్గకుండా రోజువారీ బతుకును అడ్డుకుంటున్నప్పుడు అది వైద్యం చేయదగిన ఇబ్బంది అవుతుంది. శిక్షణ పొందిన వ్యక్తి సమక్షంలో, తొందరపెట్టకుండా, ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా చెప్పించి, ఆనాటి నీరు వేరు, ఈనాటి గాలి వేరు అని మనసుకూ ఒంటికీ అలవాటు చేయించే చికిత్సలున్నాయి. వాటికి వయసు అడ్డు కాదు. అదే సమయంలో, ప్రమాదం జరిగిన మర్నాడే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్కసారిగా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. పునరావాస కేంద్రంలో మైకు పట్టుకుని "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అని అడిగే విలేకరి మిత్రులు ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలని మనవి.

విపత్తు బాధితుల మనసుకూ వైద్యం అందాలన్నది కొత్త కోరికేమీ కాదు. 1984 నాటి భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత అక్కడి సాధారణ వైద్యులకే మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల్లో ఈ వైద్యం పొందే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. 2022 నుంచి మానసిక సమస్యలకు ఫోనులో సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. కానీ ఫోను ఎలా చేయాలో మనవణ్ని అడిగే పెద్దవాళ్లకు నంబరు ఒక్కటే చాలదు.

కనుక తీర మండలాల్లోని ఆశా కార్యకర్తలకూ, ఏఎన్ఎంలకూ ఈ లక్షణాలను గుర్తించే శిక్షణ ఇవ్వాలని, తుపాను వెళ్లిన నెల రోజులకు వారు మరోసారి ఇంటింటికీ వెళ్లి నిద్ర ఎలా ఉంది, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడిగి రాసుకోవాలని, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉన్న నిపుణులు ఆ జాబితా పట్టుకుని అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఆసుపత్రులకు ముందే ప్రకటించిన రోజున రావాలని ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఉప్పెన చూసినవారిలో చాలామంది ఇప్పటికే కన్నుమూశారు కాబట్టి, వచ్చే తుపాను కాలానికి ముందే ఈ పని మొదలుపెట్టాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అవనిగడ్డ, కృష్ణా జిల్లా