సోమవారం సెలవని ఒక్కరూ చెప్పరేం?

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం అండమాన్ మీద పేజీ నిండా వేశారు. ఫొటోలు బాగున్నాయి, కాదనను, కానీ మూటాముల్లె సర్దుకుని బయల్దేరేవాడికి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ లేదండి, అందుకే ఈ ఉత్తరం.

ఫిబ్రవరిలో విశాఖ నుంచి ఇంటిల్లిపాదీ వెళ్లాం. ప్యాకేజీ అమ్మిన ఏజెంటు మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుని సోమవారం పెట్టాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి (2024లో శ్రీ విజయపురం అయింది, మాకింకా నోరు తిరగలేదు) దాదాపు 30 కిలోమీటర్లు పోయి వండూర్ జెట్టీ దగ్గర దిగితే బోట్లన్నీ కట్టేసున్నాయి. సోమవారం పార్కుకి సెలవట! ఫోన్ చేస్తే ఏజెంటు 'అయితే పక్కన బీచ్ చూసేయండి సార్' అన్నాడు. ఆ బీచ్‌లో మొసళ్లుంటాయి జాగ్రత్త అని బోర్డు. ఉప్పునీటి మొసళ్లు.

మర్నాడు పర్మిట్ తీసుకుని మళ్లీ వెళ్లాం. 1983లో పెట్టిన ఈ పార్కులో 15 దీవులున్నా టూరిస్టుల్ని దింపేవి రెండే, అవీ వంతులవారీగా: వానాకాలం తప్ప మిగతా రోజుల్లో జాలీబాయ్, వానాకాలంలో రెడ్‌స్కిన్. ఒకటి తెరిచినప్పుడు రెండోది ఊపిరి పీల్చుకుంటుంది. నాకైతే ఈ పద్ధతి భలే నచ్చింది. కానీ ఆగస్టులో జాలీబాయ్ చూపిస్తామని డబ్బు కట్టించుకునే ఏజెంట్లూ ఉన్నారని అక్కడే విన్నాను.

ప్లాస్టిక్ దగ్గర మాత్రం అస్సలు మొహమాటం లేదు. బ్యాగులన్నీ తీయించారు. మా అత్తగారి జంతికలు కవర్లోంచి బయటికొచ్చి స్టీలు గిన్నెలో పడ్డాయి, ఆవిడ మొహం చూడాలి. దీవిలో తినడానికి ఏమీ అమ్మరు, కాబట్టి భోజనం కట్టుకెళ్లాల్సిందే, స్టీలు డబ్బాలోనే అని ముందే తెలిస్తే ఈ గొడవే ఉండదు కదా.

అడుగున అద్దం ఉన్న బోటులోంచి పగడపు దిబ్బలు చూశాం, మెదడులా ముడతలు పడినవి, దుప్పికొమ్ముల్లా కొమ్మలేసినవి, వాటి మధ్య చిలకరంగు చేపలు. తర్వాత నీళ్లలోకి దిగాక మా పక్కాయన అలసిపోయి ఓ గుండ్రాయి మీద నిలబడ్డాడు. బోటబ్బాయి శ్రీకాకుళం యాసలో ఒక్క కేక: 'దిగండి బాబూ, అది రాయి కాదు, పానం ఉంది దానికి!' ఆ రకం పగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. పాపం ఆయనకేం తెలుసు? ఒడ్డుకొచ్చాక అదే పెద్దమనిషి రుమాల్లో తెల్లటి పగడం ముక్క చుట్టుకుంటుంటే, ఇంటికి తీసుకెళ్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుందని ఆ అబ్బాయే చెప్పి ఆపాడు. ఓ హిందీ బోర్డు ఉందనుకోండి, మా గుంపులో చదివిందెవరు? అండమాన్‌లో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు, విశాఖ నుంచి ఓడలూ నడుస్తున్నాయి, జెట్టీ దగ్గర తెలుగులో ఓ బోర్డు పెడితే సొమ్మేం పోతుంది?

అది అటవీశాఖ పని. మీ చేతిలో ఉన్నది మీరు చేయండి సార్. ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు ఒక్క ఫొటో తగ్గించి ఆ చోట సెలవు రోజు, ఏ నెలల్లో ఏ దీవి, పర్మిట్ సంగతి, ఏమేం తీసుకెళ్లకూడదో వేయండి. దసరా సెలవుల బుకింగులు మొదలయ్యేలోపు వేస్తే ఇంకా మంచిది.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం