అంగడి రోజున మానసిక వైద్యుణ్ణి కూర్చోబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబర్ 10 వస్తే జిల్లా కేంద్రాల్లో ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుతారు. ర్యాలీ తీస్తారు, ఒత్తిడి తగ్గించుకోమంటారు, యోగా చేయమంటారు. మంచిదే. కరోనా నాటి రంది ఇంకా దిగని మనుషులు మాత్రం ఆ ర్యాలీ దారిలో ఉండరు. మద్దూరు, దామరగిద్ద, కోస్గి మండలాల ఊళ్లలో, తండాల్లో ఉంటారు. అక్కడ బీపీకి, షుగర్‌కు గోలీలు సర్కారు దవాఖానలో దొరుకుతాయి. నెలల తరబడి నిద్ర పట్టని మనిషి, ఊరికే గుండె దడదడలాడే మనిషి మాత్రం మహబూబ్‌నగరో హైదరాబాదో బస్సెక్కాలి. ఈ లేఖ దాని గురించే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగిన సాయంత్రమే మన రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చారు. కడుపు సంగతి ప్రభుత్వానికి గుర్తుంది. మనసు సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టలేదని చెప్పడానికి కల్లు దుకాణాలే సాక్ష్యం. ఒక్కరోజులో అన్నీ మూతపడ్డాయి. వారం పది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి మనుషులను మోసుకొచ్చారు. చేతులు వణుకుతున్నవాళ్లు, తమలో తాము మాట్లాడుకుంటున్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు. ఊళ్లలో ఉండిపోయినవాళ్లను మంచానికి కట్టేసుకున్నారు, లేదా గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

ఎందుకలా అయిందో అందరికీ తెలిసిందే. మన దగ్గర చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. అందులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. మొదటి రెండూ డాక్టర్లు టెన్షన్‌కు, నిద్రకు రాసే మందులే. ఏళ్ల తరబడి వాటికి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే నరాలు పట్టు తప్పుతాయి. డాక్టరు దగ్గరుండి వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఇదేమీ కరోనాతో కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మన పాలమూరులోనూ నిజామాబాద్‌లోనూ జనం ఇలాగే పిచ్చెత్తినట్టు ప్రవర్తించి ఆసుపత్రుల పాలయ్యారు. కరోనాకు ఐదేళ్ల ముందే ఆ అనుభవం పాఠం చెప్పి పోయింది. ఎక్సైజ్ శాఖ దుకాణం మూస్తుంది, అది వాళ్ల పని. మూసే ముందు వైద్యశాఖకు ఒక మాట చెప్పాలన్నది మాత్రం ఎవరి పనో ఇప్పటికీ తేలలేదు.

ఇక ముంబయి నుంచి తిరిగొచ్చినవాళ్ల సంగతి. మా వైపు ఇంటికొకరైనా ముంబయిలోనో పుణెలోనో భివండీలోనో కూలికి పోయినవాళ్లుంటారు. పని ఆగిపోయి, గది కిరాయి కట్టలేక, దొరికిన లారీ ఎక్కి, మిగిలిన దారి నడిచి వస్తే పొలిమేరలో కంప అడ్డం కొట్టి ఉంది. కొట్టింది సొంత ఊరివాళ్లే, తమ్ముడి వరసవాడే ఉన్నాడు అందులో. చేతి మీద ముద్ర వేయించుకుని బడిలోనో బావి కాడ కొట్టంలోనో ఉన్నారు. ఊరివాళ్లది తప్పని నేననను. ఆ రోజుల్లో బుగులు అలాంటిది. కానీ రోగం వచ్చినవాడు తగ్గి లేచాడు, రోగం రాకుండానే వెలివేతకు గురైనవాడి మనసులో మాత్రం ఆ కంప అట్లనే ఉంది. ఇప్పటికీ కొందరు ఎదురుపడితే మాట్లాడుకోరు. 2020లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,53,052 మందిలో దాదాపు నాలుగో వంతు రోజుకూలీలేనని జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క చెబుతోంది. కూలికి పేరుపడిన జిల్లాలో ఉండి ఆ లెక్కను మామూలుగా చదివి పక్కన పెట్టలేం.

ఆ ఎండాకాలంలో నాకు కనపడిన మంచి మందు ఒక్కటే, ఉపాధి హామీ పని. ఏప్రిల్ నెలాఖరుకు పనులు తెరుచుకున్నాయి. మూతికి తువ్వాల కట్టుకుని, దూరం దూరంగానే అయినా, చెరువులో నలుగురితో కలిసి మట్టి తవ్విన మనిషికి, నాలుగు గోడల మధ్య టీవీలో చావుల లెక్క వింటూ కూర్చున్న మనిషికి తేడా స్పష్టంగా కనబడింది. కూలి డబ్బులు ఎప్పుడు పడ్డాయన్నది వేరే కథ.

2021 వేసవిలో కరోనాతో పోయినవాళ్ల కుటుంబాల గురించి ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. మన వైపు చావును ఒక్క ఇల్లే మోయదు. డప్పు సప్పుడు, మెడ పట్టుకుని ఏడ్చే ఆడబిడ్డలు, మూడో రోజు పిట్టకు పెట్టడం, దినాలనాటికి చుట్టాలంతా వచ్చి తిని, తిట్టుకుని, పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకుని వెళ్లడం. ఆ ఏడాది ఇవేవీ జరగలేదు. ప్లాస్టిక్‌లో చుట్టిన శవాన్ని దూరం నుంచి చూశారు, కొందరు అదీ చూడలేదు. ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. అది తర్వాత కడుపునొప్పిగా, తలనొప్పిగా, చేతుల తిమ్మిరిగా బయటికొస్తుంది. అప్పుడు వాళ్లు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన సెలైన్ ఎక్కిస్తాడు, సూది ఇస్తాడు, రెండు రోజులు బాగుంటుంది. దర్గాకు పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లనెవరినీ నేను వెక్కిరించను. అక్కడ కనీసం ‘ఏమైందమ్మా’ అని అడిగి పది నిమిషాలు వినే మనిషి ఉన్నాడు. ఇది ఒక్క మన జిల్లా మాటే కాదు. మహమ్మారి మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది.

చట్టం లేక ఆగిందా అంటే అదీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచే, అంటే కరోనాకు దాదాపు రెండేళ్ల ముందు నుంచే అమల్లో ఉంది. మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని, దాన్ని ప్రాథమిక స్థాయి నుంచే మామూలు వైద్యంలో కలపాలని అందులోని 18వ సెక్షన్ చెబుతోంది. అనుభవమూ లేకపోలేదు. పక్కనున్న కర్ణాటకలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 1980లలోనే బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, మామూలు మానసిక జబ్బులను అక్కడే చూడవచ్చని చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. మా మండలాల దాకా ఆ నమూనా రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

14416 నంబరు ఉంది కదా అంటారు. ఫోనులోనే మానసిక సలహా ఇవ్వడానికి 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, అవసరం పడ్డవాళ్లు వెంటనే చేయాలి కూడా. కానీ ఇద్దరే పట్టే ఇంట్లో ఐదుగురుంటే, అత్త వింటుండగా కోడలు ఫోనులో ఏం చెప్పుకుంటుంది? చెప్పుకున్నా, ఆ తర్వాత మందు కోసం మళ్లీ బస్సెక్కాల్సిందే.

అందుకే జిల్లా కలెక్టరుకు, జిల్లా వైద్యాధికారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. మా మండల కేంద్రాల్లో వారానికోసారి అంగడి జరుగుతుంది. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మానసిక వైద్యుణ్ణి, లేకుంటే శిక్షణ పొందిన డాక్టరును కూర్చోబెట్టండి. బోర్డు మీద ‘మానసిక’ అని రాయకపోయినా ఫర్వాలేదు, ‘నిద్ర, తలనొప్పి, నరాల ఓపీ’ అని రాసినా సరిపోతుంది. అంగడి రోజు ఎందుకంటే, ఆ రోజు ఎవరు ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. ఉల్లిగడ్డలు కొనడానికి వచ్చినట్టు వచ్చి, చూపించుకుని, సంచిలో మందులేసుకుని పోవచ్చు. ఇంకే రోజు పెట్టినా ‘నీకేం ఎర్రగడ్డ కేసా’ అని ఊరంతా అడుగుతుందన్న భయంతో సగం మంది గడప దాటరు. నెలకు సరిపడా గోలీలు అక్కడే ఇవ్వాలి. ఎవరింట్లో ఎవరు నిద్రపోవడం లేదో ఆశా కార్యకర్తలకు అందరికంటే ముందు తెలుస్తుంది, కాబట్టి వాళ్లకు శిక్షణతో పాటు ఆ పనికి తగ్గ డబ్బులూ ఇవ్వాలి. కల్లు దుకాణాల మీద దాడి చేసే రోజున ఆ మండల డాక్టరుకు ముందే కబురు చేయాలి. ఒక మండలంలో ఆరు నెలలు నడిపి చూడండి. ఎంతమంది వచ్చారో లెక్క తీసి పత్రికలకు ఇవ్వండి, మిగతా మండలాల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కోస్గి మండలం, నారాయణపేట జిల్లా