ఎరుపు పక్కన నలుపున్నా విషమే

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో ఒంటి చుట్టూ రంగురంగుల కట్లుండే పగడపు పాముల (కోరల్ స్నేక్) గురించి వేశారు. బొమ్మ చక్కగా ఉంది. నా పేచీ దాని కింద వేసిన పాటతో. ‘ఎరుపు పక్కన పసుపుంటే యముడు, ఎరుపు పక్కన నలుపుంటే నేస్తం’ అట. ఇది గుర్తుంటే చాలు, ఏది విషప్పామో చెప్పేయొచ్చని రాశారు. ఆ పాట అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్ వైపు తిరిగే పాములకి కట్టింది. దక్షిణ అమెరికాలో దాన్ని నమ్ముకుంటే ప్రాణం మీదికొస్తుంది.

నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి వాళ్లు బ్రెజిల్‌లో, సావో పావ్లో రాష్ట్రంలో ఉంటారు. రెండేళ్ల కిందట నేను అక్కడున్నప్పుడు ఓ రోజు పొద్దున్నే తోటమాలి పెరట్లో ఒక పాముని పారతో కొట్టేశాడు. మూరన్నర ఉంటుంది. తడి గడ్డిలో, మలారానికి గుచ్చిన కొత్త గాజుల్లా మెరుస్తోంది. అక్కడ అసలు పగడపు పాముని ‘కోరల్ వెర్దదైరా’ అంటారు, దాని వేషం వేసుకు తిరిగేదాన్ని ‘ఫల్సా కోరల్’ అంటారు. ఇది ఏదయ్యా అంటే తోటమాలి పెదవి విరిచాడు.

కళ్లజోడు పెట్టుకుని కూర్చుని అగ్గిపుల్లతో కట్లు లెక్కపెట్టాను. ఎరుపు. తర్వాత నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు. మళ్లీ ఎరుపు. అంటే ఎరుపుని ఆనుకున్నది నలుపే. మీ పాట ప్రకారం నేస్తం! తీరా చూస్తే, ఇలా నల్లకట్లు మూడేసి చొప్పున గుంపుగా రావడం మైక్రూరస్ ఫ్రాంటాలిస్, మైక్రూరస్ లెమ్నిస్కాటస్ లాంటి నిఖార్సయిన పగడపు పాముల, అంటే విషప్పాముల వరస. ఆ రాష్ట్రంలోనే ఉండే మైక్రూరస్ కోరల్లినస్‌కైతే రెండు ఎరుపుల మధ్య ఒక్కటే నల్లకట్టు, దానికి అటూ ఇటూ సన్నగా తెలుపు. వేషగాళ్లలో ఎరిత్రోలాంప్రస్ అనేదానికి నల్లకట్లు తరచు జంటలుగా వస్తాయి.

అయినా రంగుల మాట అంతవరకే, పొలుసులు చూడాలి. తల పైభాగం పార దెబ్బకి నలిగిపోయింది, ఎడమ చెంప మిగిలింది. కన్ను ఆవగింజంత. ముక్కు పొలుసుకీ కంటి ముందు పొలుసుకీ మధ్య ఇంకో పొలుసు లేదు. అది లేకపోవడం మన నాగుపాము, కట్లపాముల ఇంటి లక్షణం. ఇదీ ఆ కుటుంబానిదే. ఒంటి నడుమ పొలుసులు పదిహేను వరసలు. ఇక సందేహం లేదు, అసలుదే. కాకపోతే ఫ్రాంటాలిసా, లెమ్నిస్కాటసా అన్నది తేలాలంటే ముఖం మీది తెల్లపట్టీ తీరు చూడాలి, అదేమో పార కింద పోయింది.

ఏదైతే ఏం, రెండూ విషమే కదా అంటారేమో. రెప్పలు వాలిపోవడం, ఊపిరి అందకపోవడం అన్నిట్లోనూ ఉండేవే. కానీ ఫ్రాంటాలిస్ విషం ముఖ్యంగా, నరం నుంచి కండరానికి కబురు అందే చోట, కండరం వైపు తలుపు మూస్తుంది, అందుకని విరుగుడు సీరంతో పాటు, ఆ కబురుకి బలమిచ్చే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ కొంత పనిచేస్తుంది. కోరల్లినస్ విషం నరం కొసనే దెబ్బతీస్తుంది, అక్కడ ఆ ఇంజెక్షన్ మీద అంత ఆశ పెట్టుకోలేం. బ్రెజిల్‌లో సీరం తయారీకి వాడేది ఈ ఫ్రాంటాలిస్, కోరల్లినస్‌ల విషమే. ఒకప్పుడు ఫ్రాంటాలిస్‌లో ఉపజాతిగా లెక్కేసిన ఆల్టిరోస్ట్రిస్‌ని 1999లో వేరే జాతిగా విడగొట్టారు. దాని విషం ఆ సీరానికి అంత తేలిగ్గా లొంగదు. జాతులు విడదీయడం మ్యూజియం వాళ్ల కాలక్షేపం అనుకునేవాళ్లకి ఈ ఒక్క సంగతి చాలు.

మీ పేజీని మా ఆవిడ ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మనవడికి చదివి వినిపిస్తుంది. వాడికి ఏడేళ్లు. ఆ పాట ఇప్పటికే బట్టీపట్టేశాడు, ఆ పెరట్లోనే పాడుకుంటూ తిరుగుతున్నాడు. ఫోన్‌లో నేనెంత చెప్పినా ‘పేపర్లో వేశారు కదా తాతయ్యా’ అంటున్నాడు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్,
పార్వతీపురం