శీనుగాడికి, మాలి దేశంలోని బమాకో నుంచి

ఒరేయ్ శీనూ,

తోలు ఎండిపోయినట్టుందని నీ జెంబేకి, అదే ఆ చేత్తో వాయించే డ్రమ్ముకి, కొబ్బరినూనె పట్టించావా! అదేమన్నా తలకాయట్రా? నూనె తాగిన తోలు మెత్తబడిపోయి ఖంగుమనడం మానేస్తుంది. పొడిగుడ్డతో గట్టిగా తుడిచి వదిలెయ్. వాయించే చేతుల జిడ్డే దానికి చాలు. చెక్కకి మాత్రం ఇక్కడివాళ్ళు షియా గింజల నుంచి తీసిన వెన్న రాస్తారు, జెంబే చెక్కే లెంకే అనే గట్టి కర్ర బీటలివ్వకుండా.

సరిగా మోగట్లేదన్నావుగా, దానికి అసలు కారణం వానలు. మేకతోలు తేమ పీల్చి వదులవుతుంది. ఇక్కడా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే గోల. చలికాలంలో సహారా నుంచి హర్మట్టన్ అనే పొడిగాలి మొదలైతే మన పెదాల్లాగే తోళ్ళూ బిగుసుకుపోతాయి. నువ్వు డప్పుకి సెగ చూపించినట్టే వీళ్ళూ పూర్వం మంట దగ్గర పెట్టేవాళ్ళట. ఇనప రింగులు, నైలాన్ తాళ్ళు వచ్చాక ఆ అవసరం తగ్గింది.

సెగంటే గుర్తొచ్చింది. పోయిన ఏప్రిల్లో అద్దాలు బిగించిన కారులో నాది మధ్యాహ్నమంతా వదిలేశా. వచ్చి చూస్తే అంచు నుంచి నడిమి దాకా చీలిక! మార్కెట్లో జెంబేలు చేసే పెద్దాయన దగ్గరికి మోసుకెళ్ళా. ఆయన చీలిక మీద బొటనవేలు నడిపి, నా మొహం చూసి నవ్వాడు, అంతే. కొత్త తోలు రాత్రంతా బకెట్లో నానేసి, రింగుల మధ్య బిగించి, ఆరాక బ్లేడుతో బొచ్చు గీకేశాడు. తర్వాత నేల మీద కూర్చుని, డ్రమ్ముకి పాదం తన్నిపెట్టి, తాడుని కర్రముక్కకి చుట్టి లాగుతుంటే తాడు కిర్రుకిర్రుమంది.

నువ్వూ అలాగే లాగాలి. ముందు నిలువు తాళ్ళు, వరసగా, రెండు మూడు చుట్లు. చాలకపోతే మిగిలిన తాడుని రెండు నిలువు తాళ్ళ కింద నుంచి తెచ్చి వెనక్కి మలిచి లాగు, అవి కత్తెరలా పడతాయి. ఒక్కరోజే అంతా బిగించెయ్యకు, తోలుకి కాస్త టైమివ్వు. వాయించేముందు ఉంగరం తీసెయ్, లేకపోతే తోలూ పోతుంది, వేలూ పోతుంది.

వీడియోల్లో గినియా జెంబే వాద్యకారుడు మామాదీ కెయితా జెంబేకి చెవుల్లా నిలబడ్డ రేకులేమిటని అడిగావుగా, వాటిని సెసెలంటారు. రేకు అంచు చుట్టూ తీగ రింగులుంటాయి, దెబ్బ పడగానే ఝల్లుమంటాయి. బాగానే ఉంటాయిగానీ అపార్ట్‌మెంట్లో పెట్టావంటే పక్కింటివాళ్ళతో గొడవే. అయినా మూడు పంపుతున్నా. బోగోలాన్ గుడ్డతో, అంటే ఇక్కడి బురద అద్దకం గుడ్డతో, కుట్టిన సంచీ కూడా ఉంది. చూడ్డానికి భలే ఉంటుంది, లోపల మెత్త మాత్రం లేదు. పాత దుప్పటి చుట్టి పెట్టుకో.

వచ్చే నెల మా ఆఫీసతను హైదరాబాద్ వస్తున్నాడు, అతనికిచ్చి పంపిస్తా. ఈలోగా ఆ కొబ్బరినూనె సీసా అమ్మకి తిరిగిచ్చెయ్.

నీ
రాజుగాడు