ఈ ఏడాది మన తీర సంఘం పని: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం అండి. జనరల్ బాడీలో రిపోర్ట్ చదవాలని రూల్ ఉంది, అంతకన్నా ముఖ్యంగా పని ఎవరు చేశారో అందరికీ తెలియాలి, అందుకే రాశా. ఉప్పుటేరు చేపల్లో చేరే విష లోహాల గురించి జనానికి చెప్పడం మన సంఘం పనే, ఆ ఉద్దేశాలు మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు.

ముందు థ్యాంక్స్. షామియానా వేయించిన కోశాధికారి గారికి, టీ టిఫిన్ చూసుకున్న భీమిలి మహిళా గ్రూపు అక్కలకి, పడవ ఊరికే ఇచ్చిన తాతకి, బొమ్మలన్నీ తెలుగులో గీసిచ్చిన జువాలజీ స్టూడెంట్స్‌కి.

గర్వంగా చెప్పుకోవాల్సింది గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర చేపలమ్మే అక్కలతో పెట్టిన మీటింగు. మొదట మేం రామని చెప్పారు, 'మీరు మైకులో సీసం, పాదరసం అంటే మా బుట్ట ఎవులు కొంటారు' అని, నిజమే కదా, అందుకే మైకు పక్కన పెట్టేసి చాప మీద కూర్చుని మాట్లాడాం. ఒకామె అడిగింది, 'కుతకుత ఉడికితే పోదేటి బాబూ?' పోదమ్మా, ఉడికించినా వేయించినా లోహం పోదు. అక్కణ్ణుంచి రెండు గంటలు నడిచింది. ఉప్పుటేరుకి మొగ సన్నం, ఇసక మేటేస్తే నీళ్ళు ఆడవు, గెడ్డల్లో, అంటే వాగుల్లో, కొట్టుకొచ్చిన సీసం, కాడ్మియం, పాదరసం లాంటి విష లోహాలు బురదలో కూర్చుంటాయి, గాలి తగలని ఆ బురదలోనే బ్యాక్టీరియా పాదరసాన్ని ఒంట్లో పేరుకుపోయే మిథైల్ పాదరసంగా మారుస్తుంది, చిన్న చేపని పెద్దది తింటూపోయేకొద్దీ అది పెరుగుతుంది. అందుకే సొరలో ఎక్కువ, కవ్వళ్ళ లాంటి చిన్న చేపల్లో తక్కువ. ఆల్చిప్పలు నీళ్ళని వడకట్టి తింటాయి కాబట్టి లోహాలు వాటికి పడతాయి, పీతలో అయితే కండ కన్నా పెంకులోపలి గుజ్జులోనే కాడ్మియం ఎక్కువ, అది కడుపుతో ఉన్నోళ్ళకి, చిన్నపిల్లలకి పెట్టొద్దని చెప్పాం. చేపలు మానేయమని మనం ఎక్కడా అనలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. జపాన్ మినమాటాలో పాదరసం చేరిన చేపలు తిని వచ్చిన జబ్బు 1956లో బయటపడకముందే, ఆ చేపలే తిన్న పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చిపోయాయని చెప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఒడిశాలోని చిలికా సరస్సుకి 2000లో కొత్త మొగ తవ్వాక ఉప్పునీళ్ళు మళ్ళీ ఆడి చేపలు పెరిగాయంటే మాత్రం మన మొగ సంగతేంటని గట్టిగా అడిగారు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారి గారి దగ్గరుంది, చూసుకోండి. మిగులు పెద్దగా లేదు.

ఒక్క మాట బాధగానే చెప్తున్నా. గ్రూపులో వస్తామని చేతులెత్తినవాళ్ళు చాలామంది, మోకాలిలోతు బురదలో దిగి శాంపిల్ తీసిన రోజు మిగిలింది ఐదుగురం, అందులో ఇద్దరికి అరవై దాటాయి. ఉప్పుటేరు చేపల పరీక్ష ఫలితాలు తెలుగులో బోర్డు మీద పెట్టమని ఒక ఆఫీసుకి మూడుసార్లు అర్జీ ఇచ్చాం, ఫైలు పక్క సీటుకెళ్ళిందనే ప్రతిసారీ చెప్పారు. ఆ చేపలు వాళ్ళ ఇళ్ళలోనూ వండుకుంటారు కదండీ.

వచ్చే ఏడాది ఆల్చిప్పలు, పీతలు, కవ్వళ్ళు మనమే ల్యాబ్‌కి పంపుదాం, ఒక్కో లోహానికి విడిగా ఫీజు పడుతుంది కాబట్టి చందా పెంచే తీర్మానం ఇవాళే పెడుతున్నా. శాంపిల్స్‌కి డబ్బులక్కర్లేదు. మొదట మేం రామని చెప్పిన ఆ చేపలమ్మే అక్కలే తమ బుట్టల్లోంచి ఇస్తామన్నారు.