ఉయ్యాలబల్ల కోసం అడవికి వెళ్లిన సంగతి

పెర్త్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రాంబాబుకు,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. ఆలస్యానికి నాలుగు సాకులు సిద్ధం చేసుకున్నాను గాని, నువ్వు ఒక్కటి కూడా నమ్మవని తెలుసు కనుక క్షమించమని మాత్రమే అడుగుతున్నాను. ఇక్కడ అందరం క్షేమం. పాప కొత్త బడిలో కుదురుకుంది, నా నడుము నొప్పి తగ్గింది, ఎట్టకేలకు సొంత ఇంట్లో దిగాము. మిగిలిన కబుర్లు ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు చెప్పబోయేది కర్ర గురించి, అడితిలో పుట్టి పెరిగిన నీకు తప్ప మరెవరికి రాసినా వృథా.

కొత్త ఇంటి వరండాలో అమ్మ కోసం ఉయ్యాలబల్ల వేయించాలని నాకు కోరిక కలిగింది. ఈ ప్రాంతపు కర్ర జర్రా. అది యూకలిప్టస్ కుటుంబంలోదే అయినా, మన జామాయిల్ తోటలను తలుచుకుని పెదవి విరవకు. దాని చేవ ముదురు ఎరుపు, ఆరిన తరువాత కూడా ఘనపు మీటరు 820 కిలోల దాకా తూగుతుంది, చెద దాని జోలికి అంత సులువుగా రాదు. కలప దుకాణానికి వెళ్లి, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ఒకే చెక్క కావాలని అడిగాను. (కొలత టేపుతో నేనే కొలిచాను, పాత ఆరంగుళాల ముచ్చట తవ్వకు.) దుకాణదారు నన్ను జాలిగా చూసి, కొత్త జర్రాలో అంత వెడల్పు చెక్క గురించి మరచిపొమ్మన్నాడు.

కారణమేమిటంటే, పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2021 సెప్టెంబరులో ఒక ప్రకటన చేసి, 2024 జనవరి 1 నుంచి నైరుతి ప్రాంతపు సహజారణ్యంలో వ్యాపారం కోసం చెట్లు కొట్టడం ఆపివేసింది. ముదురు అడవిని ముట్టుకోవడం 2001లోనే మానుకున్నారు, మిగిలినది ఇప్పుడు మానుకున్నారు. అయితే దక్షిణాదికి వెళ్లే దారిలో దుంగల లారీలను నేను నా కళ్లతో చూశాను. నరకడం ఆపిన అడవినుంచి ఆ దుంగలు ఎలా వస్తున్నాయన్న ప్రశ్న నన్ను పట్టుకుని వదలలేదు. మా పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్లు రంపపు మిల్లులో పనిచేసినవాడు. ఆయనను అడిగితే, నోటితో చెబితే అర్థం కాదని, మొన్న శనివారం తన బండిలో జర్రా అడవుల మధ్యనున్న డ్వెలింగప్ అనే ఊరి వైపు తీసుకువెళ్లాడు.

అడవి అంచున బండి ఆపి, ముందుగా బూట్ల అడుగున ఉన్న మట్టిని బ్రష్షుతో గీకించాడు. చెట్ల వేళ్లను కుళ్లబెట్టే ఫైటాఫ్తోరా అనే తెగులు, చక్రాలకూ చెప్పులకూ అంటిన మట్టితోనే ఒకచోటినుంచి మరోచోటికి పాకుతుందట. గుడికి వెళ్లేటప్పుడు కాళ్లు కడుక్కున్నట్లు నేను కూడా భక్తిగా శుభ్రం చేసుకున్నాను. లోపలికి నడిచాక ఒకవైపు కాలు పెట్టే సందు లేనంత ఒత్తుగా సన్నని చెట్లు, మరోవైపు ఎడంగా, ఎండ నేలను తాకేలా నిలబడిన లావుపాటి చెట్లు కనిపించాయి. రెండోవైపు పలచన చేశారు. మనవాళ్లు నువ్వుచేలో ఒత్తు మొక్కలు పీకి మిగిలినవాటికి ఊపిరాడనిస్తారే, ఇదీ అంతే. వెనుకటి నరుకుడు తరువాతా, బాక్సైటు గనులు పూడ్చిన తరువాతా మొలిచిన అడవి మరీ ఒత్తుగా పెరిగింది. 1970 నుంచి ఈ మూలకు చలికాలపు వాన 15 శాతానికి పైగా తగ్గిపోయింది. ఉన్న నీటిని అన్ని చెట్లు పంచుకోలేక, 2010 కరవు తరువాత వచ్చిన ఎండాకాలంలో గుట్టల మీద చెట్లు గుంపులు గుంపులుగా ఎండిపోయాయి. కనుక కొన్నిటిని తీసి మిగిలినవాటిని బతికించాలన్నది ప్రభుత్వం మాట. కాకతువ్వలు గూళ్లు పెట్టుకునే తొర్రల చెట్లను మాత్రం ముట్టకూడదు. ఆ తొర్ర ఏర్పడడానికి వంద, రెండువందల ఏళ్లు పడుతుందని చెప్పి ఆ పెద్దాయన టోపీ తీశాడు. ఎగతాళిగానో గౌరవంగానో నాకు తెలియలేదు.

ఇక అమ్మకం సంగతి విను. మీ నాన్నగారు మనిద్దరినీ సర్కారు డిపోకు తీసుకువెళ్లిన రోజు గుర్తుందా? దుంగల చివర సుత్తి ముద్రలు, చెట్టు నీడన వేలంపాట, నువ్వు ఉత్సాహంగా చెయ్యెత్తితే పాటగా రాసుకోబోయిన గుమాస్తా! అలాంటిదే ఇక్కడ కూడా ఉంటుందని ఆశపడ్డాను. ఇక్కడ అడవిని కాపాడేది, ఎక్కడ పలచన చేయాలో చూసేది ఒక శాఖ. పదేళ్ల ప్రణాళిక రాసేది వేరొక కమిషన్, ఇప్పుడు నడుస్తున్నది 2024–2033 ప్రణాళిక. కొట్టిన దుంగలను అమ్మేది 2000 నాటి చట్టంతో పుట్టిన అటవీ ఉత్పత్తుల కమిషన్. గనుల తవ్వకం కోసం తొలగించిన చెట్లను కూడా అదే అమ్ముతుంది. కొట్టడానికీ మోయడానికీ గుత్తేదార్లను పెట్టుకుంటుంది, కొనేవారితో ముందే ఒప్పందాలు చేసుకుంటుంది. నాలాంటివాడు వెళ్లి బేరమాడే చోటు కాదు అది.

దారి పక్కన పేర్చిన కుప్పను చూసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పలచన చేసేటప్పుడు తీసేది ఎక్కువగా సన్నవి, వంకరవి, ఉంచేది లావువి. నా ఉయ్యాలబల్ల ఏ చెట్టులో ఉందో ఆ చెట్టు ఎదురుగా నిలబడి ఉంది, అమ్మకానికి వచ్చినది నా తొడంత లావు దుంగ. అందులో కొంత మిల్లుకు, చాలా భాగం టన్నుల లెక్కన పొయ్యిలోకి, కొంత బొగ్గుగా మారి బన్‌బరీ దగ్గర సిలికాన్ తయారుచేసే కర్మాగారానికి పోతుందట. ఇంత చేవగల కర్రను చలిమంటకు అమ్మడం పాపమని పెద్దాయన ఉమ్మివేశాడు. పలచన పేరుతో పాత నరుకుడే మళ్లీ వస్తుందేమోనని పర్యావరణవాదులు భయపడుతున్నారు. అమ్మే చెయ్యి, కాపాడే చెయ్యి వేరు వేరుగా ఉండడం నాకు నచ్చింది. కానీ రెండూ ఒకే సర్కారు చేతులు కదా, కర్ర ధర పెరిగిన ఏడాది పలచన చేయవలసిన అడవి కూడా పెరగదని ఎవరు… సరే, ఈ వాదన నీతో ఎదురుగా కూర్చుని చేయాలి.

అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు. తిరిగి వచ్చాక పెద్దాయన తన షెడ్డులోనుంచి పాత రైలు స్లీపరు, అదే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగ, ఒకటి దొర్లించి, దీన్ని కోయించుకో, రెండు చెక్కలు జోడిస్తే నీ బల్ల అవుతుందని ఇచ్చాడు. ఒకప్పుడు జర్రా స్లీపర్లు ఓడలెక్కి మన దేశపు రైలు పట్టాల కిందికి కూడా వచ్చాయట! మీ అడితి వెనుక, మేకు దిగక మన వడ్రంగి తాత బూతులు తిట్టిన ఎర్ర దుంగ ఒకటుండేది, దాన్ని మీ నాన్నగారు సీమదుంగ అనేవారు. అది ఇంకా ఉంటే ఒక మూల గీకి రంగు చూసి నాకు రాయి, ఎందుకంటే నా అనుమానం

రంపం మనిషి వచ్చి గేటు దగ్గర హారను కొడుతున్నాడు. పిన్నిగారికి నమస్కారాలు.

నీ
శీను