నొప్పి గోలీలతో పేగుకు ముప్పు

సంపాదకులకు నమస్కారం.

పత్తి ఏరే సీజన్ వచ్చిందంటే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీలు డాక్టర్ చీటీ లేకుండానే అమ్మేస్తున్నారు. కూలీలు, ఎనుమాముల మార్కెట్ హమాలీలు వాటిని పరగడుపున చాయ్‌తో వేసుకుంటున్నారు. మంట పుడితే గ్యాస్ అనుకుంటున్నారు.

కడుపులోని ఆమ్లం పీహెచ్ 1–2 దాకా ఉంటుంది (ఈ అంకె ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఘాటు; 7 అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు). అది నేరుగా దిగేది చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకే. అక్కడి లోపొర కణాలు ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌ను స్రవించి, తమపై ఉన్న జిగురు పొరలోకి పంపుతాయి. అందుకే పేగు మధ్యలో ఆమ్లం ఉన్నా కణాల దగ్గర పీహెచ్ 7కు చేరువలోనే ఉంటుంది. ఆమ్లం తగలగానే ఈ స్రావం పెరుగుతుంది. ఎంత గొప్ప ఏర్పాటు! క్లోమం పంపే బైకార్బొనేట్ కూడా దీనికి తోడవుతుంది.

ఈ స్రావాన్ని పెంచేవాటిలో శరీరమే తయారుచేసుకునే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ముఖ్యమైనవి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు అడ్డుకునేది సరిగ్గా వాటి తయారీనే. దాంతో పేగుకు ఈ రక్షణ తగ్గుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా వల్ల పుండు పడినవారిలోనూ ఈ స్రావం తగ్గుతుంది. ఆ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు ఈ గోలీలు మింగితే ముప్పు ఇంకా ఎక్కువ. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తం కారుతోందేమోనని అనుమానించి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

డైక్లోఫెనాక్ గోలీ షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేనిదే అమ్మకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు ఈ సీజన్‌లోనైనా పల్లెల్లోని మందుల షాపులను తనిఖీ చేయాలి. ఆశా కార్యకర్తలతో చేన్ల దగ్గరే ఈ సంగతి చెప్పించాలి.

— ఒక పాఠకురాలు, హనుమకొండ